పాత ఇంగ్లిష్ కర్ర ఇంటిని చదవడం ఎలా? ఆల్ఫ్రిస్టన్ క్లెర్జీ హౌస్

హాయ్ అండి. ఇవాళ ఒక్క ఇల్లే చూద్దాం, కానీ కాస్త నిదానంగా. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ససెక్స్, ఆల్ఫ్రిస్టన్ అనే ఊరు, చర్చి పక్కనే గడ్డి కప్పుతో ఈ ఇల్లు. వయసు సుమారు 600 ఏళ్లు. కూలిపోయే దశలో ఉంటే 1896లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ 10 పౌండ్లకి కొంది, ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం ఇదే.

ఇలాంటి ఇళ్లని వీల్డెన్ హాల్ హౌస్ అంటారు, కెంట్, ససెక్స్ వైపు ఎక్కువ. ముందు గోడ చూస్తే మధ్య భాగం లోపలికి పోయినట్టు అనిపిస్తుంది. అదేం పోలేదండి! రెండు చివర్లా మేడ గదులుంటాయి, వాటి నేల దూలాలు కింది గోడ దాటి బయటికొస్తాయి. మధ్యలో మేడే లేదు, ఇక దూలం ఎక్కణ్ణుంచి వస్తుంది? కప్పు మాత్రం మొత్తానికీ ఒకటే, అందుకే మధ్యలో చూరు కింద వంపు కర్రలు ఆనించారు.

ఆ మధ్యదే హాలు. నేల నుంచి కప్పు దాకా ఖాళీ, పొయ్యి నేల మధ్యలో, చిమ్నీ లేదు, పొగంతా పైకెళ్లి కప్పులోంచే పోవాలి. తర్వాతి కాలంలో చాలా ఇళ్లలో చిమ్నీ కట్టి, హాలు మధ్యలో ఇంకో అంతస్తు వేసేశారు. అలాంటి ఇంట్లో అటకెక్కి టార్చి వేయండి, వాసాలు మసిబారి నల్లగా ఉంటే కింద ఒకప్పుడు ఇలాంటి హాలే ఉండేదన్నమాట. నాకైతే ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. అన్నట్టు, ఆల్ఫ్రిస్టన్‌లో ఆ హాలు నేల సుద్దరాయి దంచి, పులిసిన పాలు కలిపి వేసింది.

గోడలు వంకరగా ఉన్నాయని టెన్షన్ పడకండి. ఓక్ చెక్క పచ్చిగా ఉంటేనే కోయడం, తొలవడం తేలిక కాబట్టి పచ్చిదే వాడేవారు, అది ఇల్లయ్యాక ఏళ్ల తరబడి ఆరుతూ మెలి తిరిగింది. దూలాల మధ్య ఖాళీల్లో మన తడిక గోడలాగే పుల్లలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తారు, పైన సున్నం. దాని మీద సిమెంటు పూశారో, చెమ్మ బయటికి పోక లోపల ఓక్ కుళ్లిపోతుంది. బలంగా ఉంటుందని మంచి మనసుతోనే పూసి పాడుచేసిన ఇళ్లు బోలెడు.

ఇప్పుడు దగ్గరికి రండి. రెండు కర్రలు కలిసేచోట ఇనుప మేకుండదు, ఒకదానికి తొలిచిన గాడిలోకి ఇంకోదాని కొస దూర్చి, అడ్డంగా చెక్క మేకు దిగ్గొట్టారు. దాని పక్కన ఉలితో చెక్కిన గీతలు కనిపిస్తే ఆగండి. చట్రాన్ని ముందు నేల మీద పరిచి అమర్చుకుని, ఏది దేనికో గుర్తుండాలని వడ్రంగి వేసిన రోమన్ అంకెలవి. నాలుగుకి మాత్రం నాలుగు నిలువు గీతలే కొట్టేవాడు, ఎందుకంటే కర్ర తిరగబడితే పుస్తకాల్లో రాసే రోమన్ నాలుగు (IV) ఆరులా (VI) కనిపించవచ్చు!