పేరు మూసి చూడండి: ఎలిమెంటరీ పిల్లల ఆర్ట్ ప్రాజెక్టుల రివ్యూ

నమస్తే అండి. ఈ బల్ల మీద పరిచినవన్నీ మా ఆర్ట్ క్లాసు పిల్లలు చేసినవి. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా మొత్తం పన్నెండు మంది. రెండు నెలల్లో వాళ్లతో ఆరు రకాల ప్రాజెక్టులు చేయించాను. వాటిలో వేటిని మళ్లీ చేయిస్తానో, వేటి జోలికి ఇక వెళ్లనో ఇవాళ చెప్తాను.

నేను దేన్నిబట్టి చూస్తున్నానో ముందే చెప్పేస్తాను. బొమ్మ కింద రాసిన పేరుని ఇదిగో ఇలా వేలితో మూసేస్తాను. అప్పుడు కూడా ఇది ఫలానా వాళ్లదే అని చెప్పగలిగితే ప్రాజెక్టు బాగున్నట్టు. పన్నెండూ ఒకేలా ఉంటే, ఎంత ముద్దుగా ఉన్నా సరే, అందులో పిల్లలు ఆలోచించాల్సింది ఏమీ లేదన్నమాట.

అందుకే మొదట ఈ కిట్ సంగతి. గుడ్లగూబ బొమ్మ. ముక్కలన్నీ ముందే కత్తిరించి ఉంటాయి, వెనక జిగురు కూడా ఉంటుంది, పొర తీసి అంటించడమే. పావుగంటలో అయిపోయింది. చూడండి, ఏది ఎవరిదో నాకే తెలియడం లేదు. అసలు విషయం అది కూడా కాదు. మూడో తరగతి బాబు ఒకడు రెక్కని తీసుకెళ్లి గుడ్లగూబ నెత్తి మీద టోపీలా పెట్టాడు. పక్కనున్న పాప, "తప్పు పెట్టావు, డబ్బా మీద అలా లేదు" అంది. వాడు గబగబా పీకబోయాడు, రెక్క చిరిగిపోయింది. ఆ రోజు గదిలో కొత్తగా ఆలోచించింది వాడొక్కడే. వాడికే తాను తప్పు చేశానన్న టెన్షన్ పట్టుకుంది. నాకు చాలా బాధనిపించింది. ఈ కిట్ నేను మళ్లీ తేను.

ఇప్పుడు క్రేయాన్లతో, వాటర్ కలర్స్‌తో చేసింది చూద్దాం. తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో బొమ్మ వేయాలి. వేస్తున్నంతసేపూ ఏమీ కనిపించదు. తర్వాత దాని మీద పల్చగా రంగు నీళ్లు పూస్తే, గీసిన చోట మైనం నీటిని పట్టనివ్వదు కాబట్టి గీతలు తెల్లగా తేలతాయి. ఈ కాగితం ఒకటో తరగతి పాపది. దగ్గరగా చూపిస్తాను. ఈ మూల నుంచి నీలం రంగు లాక్కుంటూ వచ్చింది. సరిగ్గా ఇక్కడ మొదటి వాన గీత బయటపడింది. బ్రష్ అక్కడే ఆపేసి లేచి నిలబడింది. చుక్క రంగు కారిన మరక కూడా ఉంది చూడండి. తర్వాత కాగితం అంతా నింపే దాకా కూర్చోలేదు.

ఇందులో మా మొదటి ప్రయత్నం పాడైంది, ఎందుకో చెప్తాను. ఒకటి, పిల్లలు క్రేయాన్‌ని మెల్లగా ఆనించారు. మైనం దట్టంగా పడకపోతే రంగు గీతను కూడా కమ్మేస్తుంది. రెండు, రంగు చిక్కగా కలిపాం. నీళ్లలా ఉండాలి. మూడు, కాగితం. ప్రింటర్లో వాడే కాగితం మామూలుగా 70, 80 జీఎస్ఎం ఉంటుంది (జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క). నీళ్లు పడగానే అలలు అలలుగా లేచిపోతుంది, గట్టిగా రుద్దితే చిరుగుతుంది. 200 జీఎస్ఎం లేదా అంతకంటే మందం షీట్ తీసుకోండి. క్రేయాన్ బదులు ఆయిల్ పేస్టెల్ (నూనె, మైనం కలిపి చేసిన మెత్తటి రంగు కడ్డీ) వాడితే చిన్న చేతులకు ఇంకా సులువు, తక్కువ ఒత్తినా దట్టంగా పడుతుంది. ఒకటి, రెండు తరగతులకు నా మొదటి ఓటు దీనికే.

మడత అచ్చు గురించి ఎక్కువ చెప్పేది లేదు. కాగితం మధ్యకు మడిచి, ఒక పక్క రంగు చుక్కలు వేసి, మూసి, నిమిరి తెరవడం. సరదాగా ఉంటుంది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అక్కడితో ఆపితే అన్నీ సీతాకోకచిలుకలే. ఆరాక పెన్ను ఇచ్చి, "ఇందులో నీకేం కనిపిస్తోంది, గీసి చూపించు" అనండి. అప్పుడే అసలు పని మొదలవుతుంది.

నల్ల స్కెచ్ పెన్ను ప్రాజెక్టు చాలామంది అడిగారు. ఫిల్టర్ పేపర్ మీద నల్ల గీత గీసి, అంచు నీళ్లకు తాకిస్తే, నీరు పాకుతూ ఆ నలుపుని నీలం, గులాబీ, పసుపు లాంటి రంగులుగా విడదీస్తుంది. నల్ల ఇంకులో ఎక్కువగా రకరకాల రంగులు కలిసే ఉంటాయి, ఒక్కో రంగు నీటితో పాటు ఒక్కో దూరం ప్రయాణిస్తుంది. నీటిలో కరిగే ఇంకు అయితేనే ఇది జరుగుతుంది, పర్మనెంట్ మార్కర్‌తో రాదు. సైన్స్‌గా నాకు ఎంతో ఇష్టం. ఆర్ట్‌గా మాత్రం పని అంతా నీరే చేసేస్తుంది, పిల్లలు చూస్తూ ఉంటారు. అందుకే ఆరిన కాగితాలను దాచిపెట్టాం. అవి ఎక్కడ పనికొచ్చాయో చివర్లో చూపిస్తాను.

గీకి వేసే బొమ్మలు ఎనిమిదేళ్లు దాటిన వాళ్లకే చెప్తాను. కాగితం నిండా ఆయిల్ పేస్టెల్ రంగులు దట్టంగా రుద్ది, పైన నల్ల పోస్టర్ కలర్ పూసి, ఆరాక టూత్‌పిక్‌తో గీకాలి. నల్ల రంగు మైనం మీద నిలవకుండా జారుతుంటే, అందులో ఒకటి రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి, పట్టుకుంటుంది. చిన్నపిల్లలకు చేతులు నొప్పి పుడతాయి, కాగితం సగం నిండేసరికి ఓపిక అయిపోతుంది. తయారుగా దొరికే షీట్లు వద్దనే అంటాను. కింద ఏ రంగు ఎక్కడ రావాలో పిల్లలు నిర్ణయించుకోవడంలోనే ఈ ప్రాజెక్టు ప్రాణం ఉంది.

చివరిది కాగితం కోలాజ్, అంటే కాగితం ముక్కలు కత్తిరించి అంటించి చేసే బొమ్మ. ఇది చేయించడం వెనక ఒక కారణం ఉంది. తొమ్మిది, పదేళ్ల దగ్గర చాలామంది పిల్లలు బొమ్మలు వేయడం మానేస్తారు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళావిద్యా నిపుణుడు పిల్లల బొమ్మల్లో వచ్చే దశలను 1947లోనే వివరించాడు. ఆయన లెక్కలో దాదాపు తొమ్మిదేళ్ల నుంచి పిల్లలు బొమ్మ నిజంగా ఉన్నట్టే రావాలని కోరుకుంటారు. చెయ్యి అంత దూరం రాదు. "నాకు డ్రాయింగ్ రాదు" అనే మాట అప్పుడే మొదలవుతుంది. మా నాలుగో తరగతి వాళ్ల నోట నేను ప్రతి వారం వినేది అదే. కత్తెర ఇస్తే ఆ భయం ఉండదు.

వాళ్లకు మతీస్ గురించి చెప్పాను. ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంరీ మతీస్‌కి 1941లో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఎక్కువగా మంచంలో, చక్రాల కుర్చీలో గడపాల్సి వచ్చింది. సహాయకులు కాగితాలకు రంగులు పూసి ఇస్తే, ఆయన కత్తెరతో నేరుగా ఆకారాలు కత్తిరించేవాడు, ముందు పెన్సిల్‌తో గీసుకునేవాడు కాదు. ఇది వినగానే ఒకడు పెన్సిల్ తీసి బ్యాగులో పెట్టేశాడు.

మొదటి వారం కాగితాలకు రంగులు పూయడం మాత్రమే. చారలు, చుక్కలు, దువ్వెనతో గీతలు, ఎవరిష్టం వాళ్లది. రెండో వారం కత్తిరించడం. అంటించే ముందు ముక్కలను కాసేపు అటూ ఇటూ జరిపి చూడమనండి. జిగురు తొందరగా ఇచ్చేస్తే మొదట పెట్టిన చోటే ఉండిపోతుంది. ఎడమచేతి పిల్లలుంటే ఎడమచేతి కత్తెర తెప్పించండి. మామూలు కత్తెరలో బ్లేడు ఎక్కడ కోస్తోందో వాళ్లకు కనిపించదు. మా క్లాసులో ఒక పాపకి రాదని నేనే అనుకున్నాను, కత్తెర మార్చగానే గుండ్రాలు చక్కగా కత్తిరించింది.

ఇదిగో, చూడండి. పేర్లన్నీ మూసేశాను. ఈ గుండ్రాలన్నీ వరసగా పేర్చింది ఆ పాపే. కాగితం దాటి బయటికి వచ్చేసిన చేప ఐదో తరగతి వాడిది. ఇక ఇది గుడ్లగూబ. ఒళ్లంతా ఆ నల్ల పెన్నులోంచి విడిపోయిన రంగుల ఫిల్టర్ కాగితమే, ఈకలు ఈకలుగా కత్తిరించాడు. నెత్తి మీద రెక్కతో టోపీ ఉంది. జిగురు ఇంకా ఆరలేదు, అందుకే నిలబెట్టకుండా బల్ల మీదే చూపిస్తున్నాను.