కూర్చున్నా వచ్చే అలసట

టీచర్లందరికీ నమస్కారం.

పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో సాయంత్రం ఐదింటికి మీలో చాలామందిని మెట్ల దగ్గర చూస్తుంటాను. రోజంతా కుర్చీలోనే ఉన్నారు. అయినా రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతారు. "ఇవాళ వాకింగ్‌కి రాలేను మాస్టారూ, ఓపిక లేదు" అంటారు. మళ్లీ మీరే "కూర్చునే కదా ఉన్నాను, ఇదేం బద్ధకం!" అని తిట్టుకుంటారు. అది బద్ధకం కాదు, బుర్ర అలిసిపోతే ఒంటికీ ఓపిక లేనట్టు అనిపిస్తుందని చెప్పడానికే ఇవాళ ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నాను.

ఈ సంగతిని చాలాకాలం కిందటే పట్టుకున్నవాళ్లలో ఇటలీలోని టురిన్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోసో ఒకరు. చేతిని బల్లకు బిగించి, మధ్యవేలితో బరువును పదేపదే లాగించే ఎర్గోగ్రాఫ్ అనే పరికరం తయారుచేశారాయన. తోటి అధ్యాపకుడి వేలి సత్తువను విద్యార్థులకు పరీక్షలు పెట్టకముందు ఒకసారి, పెట్టి వచ్చాక ఒకసారి కొలిచారు. పరీక్షలయ్యాక వేలు తొందరగా చేతులెత్తేసింది. అలసట మీద ఆయన పుస్తకం 1891లో వచ్చింది. ఆ అధ్యాపకుడి గురించి చదివినప్పుడు నాకు మన వాల్యుయేషన్ హాలే కళ్లముందు కనిపించింది.

2009లో శామ్యుయేలె మార్కోరా అనే పరిశోధకుడి బృందం ఇంకా గట్టి రుజువు చూపించింది. పదహారు మందిని ఒకరోజు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద మారే అక్షరాలను కనిపెట్టుకుని బటన్లు నొక్కించారు. ఇంకోరోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండు రోజులూ ఆ తర్వాత సైకిల్ ఎక్కించి, ఇక తొక్కలేమనేదాకా తొక్కించారు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు. బుర్ర అలిసిన రోజు 640 సెకన్లకే ఆపేశారు. అంటే దాదాపు రెండు నిమిషాలు తేడా.

గుండె, ఊపిరితిత్తులు, కండరాలు బలహీనపడినట్టు కొలతల్లో ఎక్కడా కనిపించలేదు. తొక్కాలన్న ఉత్సాహమూ తగ్గలేదు. కానీ అదే తొక్కుడు మొదటినుంచీ ఎక్కువ కష్టంగా తోచింది. "ఇక నావల్ల కాదు" అనే గీత దగ్గరికి ముందే చేరిపోయారు. మీ కాళ్లలో సత్తువ ఉంది టీచర్లూ. అడుగు వేయడానికి అయ్యే ఖర్చే ఎక్కువగా అనిపిస్తోంది. వాకింగా, సోఫానా అన్నప్పుడు మనసు సోఫా వైపు మొగ్గేది కూడా అందుకే అని నా నమ్మకం.

ఇంకో విషయం. ఈ దెబ్బ ఎక్కువగా పడేది సాగదీసే పనుల మీద: దూరం పరుగు, సైకిల్, గంట నడక. ఒక్క ఊపులో చేసే గెంతు, బరువు ఎత్తడం లాంటివాటి మీద పెద్దగా ఉండదు.

అందుకని వాల్యుయేషన్ ఉన్నన్నాళ్లు నడకను పొద్దుటికి మార్చండి, పేపర్ల కట్ట విప్పకముందే. పొద్దున క్యారేజీలు సర్దాల్సిన మేడమ్‌లకు ఇది కష్టమని నాకు తెలుసు. మీకు సాయంత్రమే వీలైతే వాచీ చూసుకుని వేగం పెట్టుకోవద్దు, ఒంటికి హాయిగా ఉన్నంతే నడవండి. పావుగంట చాలు. ఓపిక కోసమని సాయంత్రం కాఫీ మీద కాఫీ తాగితే రాత్రి నిద్ర పోతుంది, మర్నాటి అలసట రెట్టింపవుతుంది. రెస్ట్ తీసుకున్నా తగ్గని నీరసమైనా, ఆయాసమైనా ఉంటే మాత్రం నా మాట పక్కనపెట్టి డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి.

రేపు ఉదయం ఐదున్నరకి గ్రౌండ్ గేటు తీసి ఉంచుతాను. సాయంత్రం వచ్చేవాళ్ల కోసం ఆరింటికి మళ్లీ అక్కడే ఉంటాను. చెప్పులతో వచ్చినా పర్వాలేదు, రెండు రౌండ్లు కలిసి నడుద్దాం.