ఇసుక మీద నిలిచిన ఆనకట్ట

సభకు నమస్కారం.

గోదావరి స్నాన సంకల్పంలో ఒక ఇంగ్లీషు ఇంజనీరును భగీరథుడిగా తలచుకునే ఆచారం మన తీరంలో ఉంది. ఆ భక్తి గురించి మీకు నేను చెప్పనవసరం లేదు కనుక, ఈ వేళ సర్ ఆర్థర్ కాటన్ తన పనితనాన్ని ఎక్కడ నేర్చుకున్నాడన్న సంగతి మీదే ఎక్కువసేపు నిలుస్తాను.

1803లో పుట్టి, చిన్న వయసులోనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరిన కాటన్‌కు అసలు బడి కావేరి. ఆ నది నీరు పల్లంగా ఉన్న కొల్లడం పాయలోకి జారిపోయి తంజావూరు మాగాణి ఎండుతున్న కాలంలో, 1836లో, ఆయన కొల్లడం మీద ఆనకట్టలు మొదలుపెట్టాడు. ఎంత తవ్వినా గట్టినేల తగలని ఇసుకలో పునాది నిలపడం ఎలాగో ఈ దేశపు పూర్వుల కట్టడాలను చూసే తెలుసుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే పాత ఆనకట్ట కల్లణై అక్కడికి దగ్గరలోనే ఉంది. ఇంగ్లీషువారు వాడిన 'ఆనికట్' కూడా అరవ మాటే. విద్యతో పాటు పేరునూ అక్కడే తీసుకున్నారు.

కరువులతోనూ, 1839 నాటి ఉప్పెనతోనూ చితికిపోయిన రాజమండ్రి జిల్లాకు ఆ విద్య వచ్చింది. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన గోదావరి ఆనకట్ట, లంకలను ఆసరా చేసుకుని, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా సాగింది. ఇసుకలోకి దింపిన బావులే దానికి పునాది, ధవళేశ్వరం కొండే దానికి రాతిగని. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణం వీరన్నకు దక్కవలసినంత పేరు దక్కలేదని నా అభిప్రాయం.

కాటన్ అంచనాలన్నీ ఫలించలేదు. రైళ్లకంటే పడవలు నడిచే కాలువలే దేశానికి చవకని ఆయన చివరిదాకా వాదించాడు. ఆ నమ్మకంతోనే ఒక ప్రైవేటు కంపెనీ చేత తుంగభద్ర నుంచి తవ్వించిన కర్నూలు–కడప కాలువ నష్టాల్లో కూరుకుపోగా, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. గోదావరి డెల్టాలో పడవల రాకపోకలు దాదాపు ఆగిపోయాయి. నష్టజాతకమనుకున్న ఆ కాలువ కింద మాత్రం రాయలసీమ రైతు నేటికీ వరి వేస్తున్నాడు.