అచ్చుకు ముందు చదివే మనిషి

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈరోజు ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో పుట్టిన రోజు. ఆయన మనూళ్లో పాఠాలు చెప్పారు. సవర గిరిజనులను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. ఆయన గురించి పెద్దలు ఇప్పటికే చాలా చెప్పారు కాబట్టి నేను ఒక్క సంగతి కలుపుతాను. 1919లో ఆయన ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టి నడిపారు. పండితులు ఎదురు తిరుగుతున్న కాలంలో, జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న వాదాన్ని తానే అచ్చువేసి జనం చేతిలో పెట్టారు. ఈమధ్య ఇండిపెండెంట్ రచయితలు అంటున్నామే, మన ఊళ్లో ఆ దారికి ఆయనే పెద్ద.

ఇవాళ గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగులో రాసేవాళ్లం చాలావరకు సొంత డబ్బుతో పుస్తకం వేసుకునేవాళ్లమే. పబ్లిషర్లేమో హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉంటారు. మనం ఒడిశాలో ఉంటాం. మన కథలో ఊరిపేరు చూసి ఇదెక్కడుందండీ అని అడుగుతారు.

సొంతంగా వేసుకోవడం ఒకప్పటికంటే తేలికైందనే చెప్పాలి. డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక ఐదు వందల కాపీలు ఒకేసారి వేయించి మంచం కింద పేర్చుకోనక్కర్లేదు. యాభై వేసుకుని, అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. పుస్తకం వచ్చిన నెలలోపు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. తప్పకుండా పంపండి. ఫలానా ఏడాది ఒడిశా నుంచి ఒక తెలుగు పుస్తకం వచ్చిందని ఎక్కడో ఒకచోట నమోదు కావాలి.

వీటన్నిటికీ దారి ఉంది. మనకు లేనిదల్లా అచ్చుకు ముందు కూర్చుని చదివే మనిషి. పబ్లిషర్ దగ్గర ఎడిటర్ అని ఒకరుంటారు. మనకు డీటీపీ చేసే, అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చే అబ్బాయే మొదటి పాఠకుడు. ఆ అబ్బాయి ఒత్తులు సరిగా పడ్డాయా లేదా చూస్తాడు, అదే అతని పని. ఇంట్లోవాళ్లకు చూపిస్తే ప్రేమకొద్దీ బాగుందంటారు. స్నేహితులు ఆవిష్కరణ సభలో శాలువా కప్పి బాగుందంటారు. ఫలానా పేజీ దగ్గర విసుగొచ్చి పక్కన పడేశానని చెప్పేవాడు పుస్తకం వచ్చాకే దొరుకుతాడు. అప్పటికి డబ్బులు కట్టేసి ఉంటాం.

అందుకే గత చలికాలంలో మేం ఏడుగురం గుణుపురం దగ్గర ఒక తోట ఇల్లు అద్దెకు తీసుకున్నాం. రైటింగ్ రిట్రీట్ అంటున్నారు ఇప్పుడు, మేం రాత శిబిరం అనుకున్నాం. ఇక్కడ రైలెక్కితే గుణుపురంలో దిగొచ్చు, వంశధార పక్కనే. అద్దె, బియ్యం, కూరగాయలు, వంటావిడ జీతం అన్నీ సమానంగా వేసుకున్నాం. బ్యానరు కట్టలేదు, ముఖ్య అతిథిని పిలవలేదు. పొద్దున్న ఎవరి రాత వాళ్లది. భోజనాలయ్యాక ఒకరి పేజీలు అందరం చదివేవాళ్లం. మేం పెట్టుకున్న నియమం ఒక్కటే: తన పేజీల గురించి మిగతావాళ్లు మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. అక్కడ నా ఉద్దేశం అది కాదండీ అని చెప్పుకోవడానికి పుస్తకం వెంట మనం పాఠకుడి ఇంటికి వెళ్లం కదా. మాటకు మాట చెప్పడం అలవాటైనవాళ్లం. అలా మౌనంగా కూర్చోవడం అందరికీ టెన్షన్‌గానే ఉండేది.

రాయగడ నుంచి రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. ఆయన నవలలో ఒక కుటుంబం చిన్నపిల్లతో పొద్దున్నే బండెక్కి, రెండు చోట్ల బండి మారి, రాత్రికి కొత్త ఊరు చేరుతుంది. స్టేషన్లు, సిగ్నళ్లు, ఇంజను పొగ, అన్నీ కళ్లకు కట్టినట్టు రాశారు. అందరూ మెచ్చుకున్నాక, బడిలో పనిచేసి మానేసిన ఒకావిడ పెన్సిలు పక్కన పెట్టి అడిగింది.

"గురువుగారూ, ఈ గుంట పొద్దుట్నుంచి ఏటి తిన్నాదండీ?"

నియమం ప్రకారం ఆయన మాట్లాడలేదు. ఆ రాత్రి వరండాలో లైటు చాలాసేపు వెలిగింది. మర్నాడు తెచ్చిన పేజీల్లో, తల్లి ప్లాట్‌ఫాం కుళాయి దగ్గర కూర్చుని చద్దన్నం మూట విప్పుతుంది. పిల్లకు పొలమారుతుంది. తండ్రి చెంబు కోసం పక్కన కూర్చున్నవాళ్లను అడుగుతాడు. వాళ్లకు తెలుగు రాదు, ఇతనికి ఒడియా రాదు. అప్పటిదాకా ఆ నవలలో భాష సంగతి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకునే చోట వచ్చేది. ఇప్పుడు చెంబెడు నీళ్ల దగ్గర వచ్చింది. ఆ ప్రశ్న అడిగే మనిషి ఏ డీటీపీ సెంటర్లో దొరుకుతుంది?

ఇంకొక సంగతి చెప్పాలి. దీని కోసమే ఇవాళ మాట్లాడతానని ఒప్పుకున్నాను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమై, పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ ఏడాదే పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. మన తాతలు ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల మనవలకు బడి ఒడియా అయింది, ఇల్లు తెలుగుగానే ఉంది. అలాంటి ఇంటి నుంచి ఒకావిడ మా శిబిరానికి వచ్చింది. చంకలో ఒక స్కూలు నోట్‌బుక్కు. తెరిస్తే అంతా ఒడియా లిపి. ఒడియా కథేమో అనుకున్నాం. ఆవిడ మా అందరిలోకీ పెద్దావిడ వైపు తిరిగి, "అప్పా, నాకు తెలుగు అక్షరాలు రావు. చదువుతాను, ఇనండి" అంది. చదవడం మొదలుపెట్టాక అర్థమైంది. ఒడియా అక్షరాల్లో ఉన్నది అచ్చంగా తెలుగు, వాళ్లమ్మ మాట్లాడిన తెలుగు.

కథ అడ్డాకుల విస్తర్లు కుట్టి సంతలో అమ్మే తల్లిది. విస్తరి కుట్టేటప్పుడు ఆమె సన్నటి పుల్లలు పళ్ల మధ్య పట్టుకుని ఉంటుంది, అందుకని మాట్లాడటానికి వీలుండదు. కూతురు ఏమడిగినా కళ్లతోనే జవాబు. బడి మానేయమంటావా అని కూతురు అడుగుతుంది. తల్లి కళ్లెత్తదు, ఇంకో ఆకు తీసుకుంటుంది. అక్కడిదాకా చదివి ఆవిడ ఆగింది. మాలో ఎవరికీ వెంటనే మాట రాలేదు.

బరంపురం నుంచి వచ్చిన కాలేజీ కుర్రాడు ఆవిడ పక్కన కూర్చుని తెలుగులో ఎక్కించడానికి పూనుకున్నాడు. ముందు ఫోన్లో వాయిస్ టైపింగ్ పెట్టి చూశాడు. ఫోను ఆవిడ మాటలను తనకు తెలిసిన తెలుగులోకి దిద్దేసింది. దాంతో ఆవిడ ఒక్కో వాక్యం చదవడం, అతను చేత్తో రాయడం, తిరిగి వినిపించడం. "మా అమ్మ ఇలాగనదు బాబూ" అని మధ్యలో ఆపేది. కొట్టేసి మళ్లీ రాసేవాడు. అలా కూర్చున్నప్పుడే ఆవిడ కథలో రెండు పేరాలు తనంతట తానే తీసేసింది. పైకి చదివేసరికి అవి అనవసరమని ఆవిడకే తెలిసిపోయింది.

ఆ భాషను దిద్దాలా వద్దా అని మాలో పెద్ద వాదన జరిగింది. దిద్దకపోతే బయటివాళ్లకు అర్థం కాదని ఇద్దరన్నారు. పంతులుగారి ఊళ్లో ఈ అనుమానం ఉండకూడదని నా అభిప్రాయం, అక్కడా అదే అన్నాను. ఉన్నదున్నట్టే ఉంచాం.

రచయితలు కొన్నాళ్లు ఉండి రాసుకునే పేరున్న నివాసాలు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో మాక్‌డోవెల్ 1907 నుంచి ఉంది. అక్కడ మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి గుమ్మం దగ్గర వదిలిపోతారు, రాసుకునేవాళ్ల ధ్యాస చెదరకుండా. మన దేశంలో సంగం హౌస్ 2008లో మొదలైంది. అవి మంచి చోట్లు, అవకాశం వస్తే వెళ్లండి. కానీ ఆ ఏకాంతం, పగలంతా జనంలో నలిగేవాళ్లకు దొరికే విశ్రాంతి. సరిహద్దులో తెలుగు రాసేవాళ్లం రాత విషయంలో ఏడాది పొడుగునా ఒంటరివాళ్లమే. మనకు తలుపు తట్టి, నిన్నటి పేజీలేవీ అని అడిగేవాళ్లు కావాలి. అందుకే శిబిరం చిన్నదిగా ఉండాలి. పదిమంది దాటితే అందరి పేజీలూ చదవడం కుదరదు, సభ అయిపోతుంది.

ఆడవాళ్ల విషయం ముందే ఆలోచించాలి. అడ్డాకుల కథ రాసినావిడ రాత్రిళ్లు అక్కడ ఉండలేకపోయింది. పొద్దున్నే వంట చేసిపెట్టి వచ్చి, చీకటి పడకముందే వెళ్లిపోయేది. చోటు దగ్గరలో ఉండబట్టే రాగలిగింది. హైదరాబాద్‌లో పెట్టి ఉంటే ఆ నోట్‌బుక్కు ఇంట్లోనే ఉండేది. చిన్నపిల్లలను వెంట తెచ్చుకునే వీలు, వాళ్లను చూసుకునే మనిషి, ఈసారి ఈ రెండూ ఏర్పాటు చేయాలి. ఆ ఖర్చు అందరం పంచుకోవాలి, మగవాళ్లతో సహా.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ పెడుతున్నాం. వచ్చేవాళ్లు రాసిన పేజీలతో రండి, రాయబోయేదాని గురించి చెబుతానంటే కుదరదు. ఒడియా లిపిలో ఉన్నా సరే, పక్కన కూర్చుని రాసిపెట్టేవాళ్లున్నారు. డబ్బులు లేవని ఆగిపోకండి, ఆ మాట నాతో విడిగా చెప్పండి చాలు. సభ అయ్యాక వరండాలో నా దగ్గర కాగితం ఉంటుంది. పేరుతోపాటు మీకు ఏ రోజులు ఇల్లు కదలడానికి వీలవుతుందో కూడా రాయండి, దాన్నిబట్టే తేదీలు పెడతాం.