డేవిస్ క్యాంపస్‌లో ఒక రోజు: మైనస్ 80 ఫ్రీజర్ సర్దాం

అందరికీ నమస్కారమండి. ఈరోజు మిమ్మల్ని నేను పనిచేసే చోటికి తీసుకెళ్తున్నాను. కాలిఫోర్నియాలో శాక్రమెంటోకి దగ్గర్లోనే ఉంటుంది, యూసీ డేవిస్ అనే యూనివర్సిటీ. ఇక్కడ ఒక బయాలజీ ల్యాబ్‌లో స్టాఫ్‌ని నేను.

ఇప్పుడు యూనిట్రాన్స్ బస్సులో ఉన్నాను. బస్సు నడుపుతున్న అమ్మాయి ఇక్కడి స్టూడెంటే. 1968లో లండన్ నుంచి తెప్పించిన రెండు పాత డబుల్ డెక్కర్లతో స్టూడెంట్లు మొదలుపెట్టిన సర్వీసు ఇది. ఇప్పటికీ స్టీరింగ్ వాళ్ల చేతుల్లోనే ఉంది. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇదిగోండి, మా ల్యాబ్. ఇవాళ్టి పనంతా పరిశోధన శాంపిల్స్ దాచే ఈ బీరువా లాంటి ఫ్రీజర్‌తోనే. లోపల మైనస్ 80 డిగ్రీలు. ఇలాంటివి పాతవైతే రోజుకి 20 యూనిట్ల దాకా లాగేస్తాయి. నెలకి 150 యూనిట్ల బిల్లొచ్చే ఇంటికి అది నాలుగు రోజుల కరెంటు! పైగా దీన్ని రాత్రీ పగలూ ఆపేది లేదు.

తలుపు అంచు చూడండి, రబ్బరు చుట్టూ మంచు ఎలా పేరుకుపోయిందో. దాంతో తలుపు సరిగ్గా మూసుకోదు, సందుల్లోంచి వేడిగాలి దూరుతుంది, మోటారు ఇంకా ఎక్కువ తిరుగుతుంది. చేతికి మందపాటి గ్లౌజులు వేసుకుని, ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా గీకుతున్నాం. చాకు మాత్రం వాడకండి, రబ్బరు తెగిపోతుంది.

అసలు కష్టం డబ్బాలతోనే. ఒకదాని మీద 2013 అని ఉంది, పేరు చెరిగిపోయింది. ఎవరిదో అడుగుదామంటే అప్పటి స్టూడెంట్లంతా ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్లిపోయారు. అందుకే ఈసారి ఏ అరలో ఎవరి శాంపిల్స్ ఉన్నాయో లిస్టు రాసి తలుపుకి అతికించాం. లిస్టు ఉంటే తలుపు తీసిపెట్టుకుని వెతికే పనుండదు. పనికిరానివి తీసేస్తే రెండు అరలు ఖాళీ అయ్యాయి. కొత్త ఫ్రీజర్ కొనాలన్న మాట ఇక లేదు.

ఇంకోటి, దీన్ని మైనస్ 70కి మార్చాం. ఆ పది డిగ్రీలకే దాదాపు 30 శాతం కరెంటు తగ్గుతుంది. శాంపిల్స్ పాడైపోతాయేమోనని మొదట్లో అందరికీ టెన్షనే. ఏళ్ల కష్టం కదా, ఆ భయం న్యాయమే. అందుకే ముందు, పోయినా మళ్లీ చేసుకోగలిగిన శాంపిల్స్‌తో మొదలుపెట్టాం.

కరెంటు ఆదాకి ల్యాబ్ లేని స్టూడెంట్లు ఏం చేయగలరని మా చెల్లి ఫోన్లో అడిగింది. ఇక్కడ 2014లో థర్‌మూస్టాట్ అని ఒకటి మొదలైంది. గది చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ పేరులో ఆవు అరుపు ‘మూ’ కలిపి పెట్టిన పేరు, ఎందుకంటే ఈ యూనివర్సిటీ ఒకప్పుడు వ్యవసాయ క్షేత్రం. క్లాసులో కూర్చున్న చోటి నుంచే చలిగా ఉందా, ఉక్కగా ఉందా అని చెప్తే చాలు, ఎనర్జీ ఇంజనీర్లకి వెళ్తుంది. బయట 38 డిగ్రీల ఎండ ఉంటే లోపల స్వెట్టర్ వేసుకునేంత ఏసీ ఎందుకండీ? ఏ గదిలో చలి ఎక్కువైందో కూర్చున్నవాళ్లు చెప్తేనే కదా తెలిసేది.

సాయంత్రం ఐదున్నర అయింది. ఇంటికి వెళ్లే ముందు చివరి పని, ఫ్యూమ్ హుడ్. ఘాటు కెమికల్స్‌తో పని ఇందులోనే చేస్తాం, ఆవిరి మన ముక్కులోకి రాకుండా పైకి లాగేస్తుంది. దాంతోపాటు, చల్లబరిచిన గది గాలిని కూడా బయటికి పంపేస్తుంది. ఇలాంటి హుడ్ ఒక్కటే ఏడాదికి ఇక్కడి మూడిళ్లకి పైగా వాడేంత ఎనర్జీ వాడుతుందని లెక్క. మా హుడ్‌కి ముందున్న అద్దం తలుపు దించితే ఫ్యాన్ తనే నెమ్మదిస్తుంది. కొత్తలో ఒక శుక్రవారం నేను అద్దం ఎత్తే వదిలేసి వెళ్లిపోయాను. సోమవారం దాకా అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి బ్యాగు భుజాన వేసుకునేది ఇది దించాకే.

ఇప్పుడు దించుతున్నాను. హోరు ఎలా తగ్గుతోందో వినండి.