ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ను చూస్తే ముందు ఏం చేయాలి?

(ఫిబ్రవరి నెల, ఉదయం ఏడున్నరకు ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం. ఫోన్ చేసిన వారి పేర్లు ఇవ్వలేదు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా పొద్దున్నే సముద్రం ఒడ్డున నడిచేవాళ్లకు ఈ నెలల్లో ఏం కనబడుతుందో మీకు తెలుసు. చచ్చిన తాబేళ్లు. ఎప్పుడైనా ఒక డాల్ఫిన్. వాటి గురించి మాట్లాడటానికి ఇవాళ ఒక అన్న వచ్చారు. మత్స్యకార కుటుంబంలో పుట్టారు. నెల్లూరు తీరంలో ఊరి కుర్రాళ్లతో కలిసి పదిహేనేళ్లుగా తాబేలు గూళ్లకు కాపలా కాస్తున్నారు. నమస్కారం అన్నా.

కార్యకర్త: నమస్కారమమ్మా. పిలిచినందుకు సంతోషం.

వ్యాఖ్యాత: అప్పుడే ఒకరు లైన్లో ఉన్నారు. హలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: కొత్తపట్నం నుంచి మేడమ్, డిగ్రీ చదువుతున్నాను. అన్నా, పోయిన నెల మా ఒడ్డుకు ఒక డాల్ఫిన్ కొట్టుకొచ్చింది. బతికే ఉంది. ఇరవై మందిమి కలిసి తోక పట్టుకుని లాగి నీళ్లలోకి తోసేశాం. చప్పట్లు కొట్టాం, వీడియోలు తీశాం. సాయంత్రానికి కొంచెం అవతల మళ్లీ ఒడ్డుకొచ్చింది. ఈసారి ప్రాణం లేదు. అప్పట్నుంచి అదే ఆలోచన. మేమే చంపామా అన్నా?

కార్యకర్త: తమ్ముడూ, ఆ బరువు నువ్వొక్కడివే మోయొద్దు. ఆరోగ్యంగా ఉన్న డాల్ఫిన్ సాధారణంగా ఇసుక మీదకు రాదు. జబ్బు చేసో, వలలో చిక్కి దెబ్బ తగిలో, ఈదే ఓపిక లేకపోతేనే అలలు దాన్ని తెచ్చి పడేస్తాయి. నీ డాల్ఫిన్ మీ చేతికి వచ్చేసరికే కష్టంలో ఉంది. కానీ తోక పట్టి లాగడం తప్పు. అది నీకు చెప్పాల్సిందే. ఎందుకంటే నేనూ ఆ తప్పు చేశాను.

వ్యాఖ్యాత: మీరు కూడానా అన్నా?

కార్యకర్త: అప్పటికి నాకేం తెలుసమ్మా. ఇప్పటి ఈ తమ్ముడి వయసే. తోక పట్టుకున్నాను. తడిసిన రబ్బరులా నున్నగా ఉంది. ముందుకెళ్లి తల దగ్గర వంగితే, నడినెత్తిన ఉన్న రంధ్రం తెరుచుకుని ఫుస్సుమని గాలి వదిలింది. ఆ గాలి వెచ్చగా నా మొహానికి కొట్టింది. వెంటనే మూత పెట్టినట్టు రంధ్రం మూసుకుపోయింది. అప్పటిదాకా అది పెద్ద చేప అనే అనుకున్నాను. చేప మొహాన ఊపిరి వదలదు కదా. మనలాగే గాలి పీల్చే ప్రాణి, బిడ్డకు పాలిచ్చే ప్రాణి. దాన్ని నీళ్లలో ముంచితే, ఓపిక లేనప్పుడు మనిషి మునిగినట్టే మునిగిపోతుంది.

శ్రోత: మరి ఆ టైంలో ఏం చేయాలన్నా? చూస్తూ నిలబడాలా?

కార్యకర్త: చూస్తూ కాదు, పని చాలా ఉంది. ఒకడు ఫోన్ పట్టుకుని అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు చెప్పాలి. ఆ నంబరు ఇవాళే మీ ఫోన్లలో పెట్టుకోండి. డాల్ఫిన్ ఒడ్డున పడ్డాక వెతకడం మొదలుపెడితే అరగంట అక్కడే పోతుంది. నంబరు లేకపోతే 112కు చేయండి, వాళ్లు కలుపుతారు. మిగతావాళ్లలో నలుగురు జనాన్ని, కుక్కల్ని దూరంగా ఆపాలి. అన్నింటికంటే కష్టమైన పని అదే. కేకలు, సెల్ఫీలు వద్దు. దానికి చెవులు బయటికి కనబడవు గానీ వినికిడి మనకంటే చాలా పదును. నీళ్లలో చప్పుడును బట్టే దారి వెతుక్కునే జీవి అది. ఇరవై మంది అరిస్తే ఎంత బెదిరిపోతుందో ఆలోచించు.

వ్యాఖ్యాత: దాన్ని ముట్టుకోవచ్చా అన్నా?

కార్యకర్త: అవసరమైనంత వరకే. పక్కకు ఒరిగి ఉంటే నెమ్మదిగా పొట్ట మీద నిటారుగా కూర్చోబెట్టాలి. రెండు పక్కలా రెక్కలు ఇసుకలో నొక్కుకుపోతుంటాయి, వాటి కింద చేత్తో చిన్న గుంట తీయాలి. తువ్వాలో, పంచెలో, పాత దుప్పటో సముద్రం నీళ్లలో తడిపి ఒంటి మీద కప్పాలి. దాని చర్మానికి ఎండ తగిలితే మనకు పొయ్యి దగ్గర కాలినట్టు కాలుతుంది. పైన పట్టా కట్టి నీడ చేయాలి. ఇక గుర్తు పెట్టుకో తమ్ముడూ, ఆ నెత్తి మీది రంధ్రం మీద గుడ్డ పడకూడదు, నీళ్లు పడకూడదు, ఇసుక పడకూడదు. బిందెతో తల మీద నీళ్లు పోసేస్తుంటారు మనవాళ్లు, పాపం జాలితోనే. అది ముక్కులో నీళ్లు పోసినట్టే.

శ్రోత: నీళ్లలోకి తోయనే కూడదా?

కార్యకర్త: ఫారెస్టు వాళ్లూ, పశువుల డాక్టరూ చూసి సరే అంటే పట్టాలో పడుకోబెట్టి మోయాలి. నడుం లోతులో నిలబడి, అది నాలుగైదుసార్లు బాగా ఊపిరి తీసుకునేదాకా నిటారుగా పట్టుకుని, అప్పుడు వదలాలి. వాళ్లు వచ్చేదాకా నీ పని ఒకటి చెబుతాను. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి కాగితం మీద రాయి. డాక్టరు వచ్చి మొదట అడిగేది అదే.

శ్రోత: మేము ఏడుగురం ఉన్నామన్నా, ఒక టీమ్‌లా పెట్టుకుందాం అనుకుంటున్నాం.

కార్యకర్త: పెట్టుకోండి. మీ ఊరి కాపులతో, అంటే పెద్దలతో, ముందు కూర్చుని మాట్లాడండి. ఊరికి తెలియకుండా ఒడ్డు మీద ఏ పనీ నిలవదు. ఒక పట్టా, నాలుగు పాత దుప్పట్లు, ఒక కొలిచే టేపు మీ దగ్గర ఎప్పుడూ ఉండాలి.

వ్యాఖ్యాత: థాంక్స్ తమ్ముడూ. ఇంకో ఫోన్. చెప్పండి.

శ్రోత: జువ్వలదిన్నె వైపు నుంచమ్మా. బోటు ఓనర్ని. తమ్ముడూ, మీరంతా మా మీదే పడతారు. తాబేలును చంపాలని ఎవడన్నా వేటకు పోతాడా? మాకూ అది కూర్మావతారమే. వలలో తాబేలు పడితే వల చినిగేది మాకే కదా. పైగా పక్క రాష్ట్రం బోట్లు వచ్చి ఒడ్డు దాకా ఊడ్చుకుపోతుంటే అడిగేవాడు లేడు.

కార్యకర్త: అన్నా, నీ మాటలో నూటికి నూరుపాళ్లూ నిజముంది. మా నాన్న కూడా వేటకే పోయేవాడు. వలలో తాబేలు పడితే పసుపు కుంకుమ పెట్టి గంగమ్మకు దండం పెట్టి వదిలేవాడు. చిన్న పడవల వలను గబుక్కున పైకి లాగొచ్చు, తాబేలు బతుకుతుంది. ట్రాల్ వల అలా కాదు, గంటల తరబడి లాగుతుంది. తాబేలు గాలి కోసం పైకి రావాలి. రాలేక వల్లోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఒడ్డుకొచ్చే కళేబరాల మీద చాలాసార్లు ఒక్క గాయం కూడా ఉండదు, చూసే ఉంటావు.

శ్రోత: చూశాను. అందుకే బాధ.

కార్యకర్త: మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేట చేయకూడదని 1994 చట్టం నుంచీ ఉంది. ఆ 8 కిలోమీటర్లలోనే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు దగ్గరగా చేరతాయి. ఆ గీత ఎవరు దాటినా నష్టం చిన్న పడవలకు, తాబేళ్లకు కలిపే. ఇంకొకటి చూడు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. తాబేళ్లు ఎక్కువగా చచ్చేది జనవరి, ఫిబ్రవరి, మార్చిలో. నిషేధం వచ్చేసరికి చాలా తాబేళ్ల పని అయిపోయి ఉంటుంది. అందుకని ఈ మూడు నెలలూ ఊళ్లే దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేసుకుని గీత కాపాడుకోవాలి అన్నది నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: వలలో పెట్టే ఇనుప చట్రం సంగతి ఏంటన్నా?

కార్యకర్త: టెడ్ అంటారమ్మా. వల గొంతులో కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, అక్కడున్న కంతలోంచి బయటికి జారిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు ఒకటి తయారుచేసింది. మత్స్య సంపద యోజన కింద దాని ఖర్చు మొత్తం కేంద్రం, రాష్ట్రం కలిసి భరించేలా పెట్టారు. కొంచెం చేప పోతుందన్నా, నేను దాచను. కానీ టెడ్ లేదనే 2019 నుంచి మన సముద్రపు రొయ్యను అమెరికా కొనడం మానేసింది. ఆ నష్టం ముందు ఈ నష్టం ఎంత?

శ్రోత: సరే, వల్లో పడ్డ తాబేలు కదలకుండా ఉంటే? చచ్చిందని విసిరేస్తాం.

కార్యకర్త: విసిరేయొద్దన్నా! చాలావరకు అది స్పృహ తప్పిందే, చావలేదు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉంటాయి. వెల్లకిలా వేయకుండా, బోర్లా పెట్టి వెనక భాగం జానెడు ఎత్తులో ఉండేలా కింద ఒక తాడుచుట్ట పెట్టు. నోట్లోంచి నీళ్లు కారిపోతాయి. తడిగుడ్డ కప్పి నీడలో ఉంచు. కొన్నిసార్లు గంటలు పడుతుంది, ఒక రోజు కూడా పట్టొచ్చు. తల ఎత్తి కాళ్లు కొట్టడం మొదలుపెట్టాక, ఇంజన్ ఆపి, మెల్లగా నీళ్లలోకి జార్చు. కేసు అవుతుందేమోనని చాలామంది భయపడి దాచేస్తారు. డాల్ఫిన్లు, తాబేళ్లు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. నిజమే. కానీ ఆ శిక్ష వేటాడేవాడికి. కాపాడి వదిలిన చేతికి ఎవరూ బేడీలు వేయరు.

వ్యాఖ్యాత: మంచి మాట. మైపాడు నుంచి ఒక అమ్మ ఉన్నారు.

శ్రోత: బీచ్‌లో బజ్జీల బండి పెట్టుకుంటాను నాయనా. చచ్చిన తాబేళ్లు వాసన కొడుతున్నాయి, కుక్కలు పీకుతున్నాయి. పిల్లలు కర్రలతో పొడుస్తున్నారు. పూడ్చేయమా?

కార్యకర్త: వట్టి చేతులతో ముట్టుకోవద్దమ్మా, రోగాలు అంటుకుంటాయి. ముందు ఫోటో తీసి ఫారెస్టు వాళ్లకు పంపించు. లెక్కపెట్టిన తాబేలు డిప్ప మీద రంగు గీత పెడతారు, రెండోసారి లెక్కలోకి రాకుండా. ఆ తర్వాత లోతుగా పూడ్చాలి, కుక్క తవ్వలేనంత. బజ్జీల కవర్లు గాలికి సముద్రంలోకి పోకుండా ఒక డ్రమ్ము పెట్టు తల్లీ, అదీ సాయమే.

వ్యాఖ్యాత: అల్లూరు మండలం నుంచి మరొకరు.

శ్రోత: మా ఊరి పక్క బకింగ్‌హామ్ కాలువలో తెల్లారేసరికి చేపలు తేలిపోతున్నాయి సార్. గుర్రపుడెక్క కూడా కమ్మేసింది. మేము ఆదివారాలు తీస్తున్నాం, మళ్లీ వస్తోంది.

కార్యకర్త: ఒకప్పుడు కట్టెల పడవలు చెన్నపట్నానికి పోయిన కాలువ అది. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. రొయ్యల గుంటలున్న రైతుకు ఇది బాగా తెలుసు, రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది అందుకే. గుంటలోని మురికి నీళ్లు అలాగే కాలువలోకి వదిలితే కాలువకు ఏరేటర్ ఎవరు తిప్పుతారు? చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి చూశారా, గాలి కోసమే. డెక్క తీస్తే గట్టు మీదే వదిలేయకండి, కుళ్లి మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. దూరంగా మోసుకెళ్లి ఎరువుకు వేయండి. నీళ్లు ఎక్కడి నుంచి వదులుతున్నారో టైముతో సహా రాసి పెట్టుకోండి. ఆ తర్వాత గుంట రైతును పిలిచి కూర్చోండి. ఆయన పక్క గుంటకు నీళ్లు తోడుకునేది ఆ కాలువ నుంచే, కాబట్టి వింటాడు. వదిలే ముందు ఇంకో గుంటలో నిలబెట్టి తేర్చమనండి. వినకపోతే మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి ఉన్నాయి.

వ్యాఖ్యాత: టైం అయిపోతోంది, చివరి ఫోన్. హలో?

శ్రోత: హలో అక్కా, నేను తొమ్మిదో తరగతి. విడవలూరు మండలం. అంకుల్, ఇందాక మా నాన్నతో ఒడ్డుకు పోతే ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలాంటిది ఉంది. సముద్రంలోంచి వచ్చి మళ్లీ సముద్రంలోకి పోయింది. మధ్యలో ఇసుక తవ్వి కప్పినట్టుంది. నాన్న తాబేలు గుడ్లు అంటున్నాడు. ఇంటికి తెచ్చి దుప్పట్లో పెడితే పిల్లలవుతాయా?

కార్యకర్త: తేవద్దు తల్లీ! మీ నాన్న చెప్పింది కరెక్ట్. జానాబెత్తెడు లోతులో వందకు పైగా ఉంటాయి గుడ్లు. దుప్పట్లో పిల్లలు కావు. ఆ ఇసుక వేడిలోనే 45 నుంచి 60 రోజులు ఉండాలి. ఆ వేడిని బట్టే ఆడవా మగవా అన్నది కూడా. గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపల పిండం చచ్చిపోతుంది. తవ్వలేదు కదా?

శ్రోత: లేదంకుల్. కుక్క ఒకటి వాసన చూస్తోంది, నాన్న తరుముతున్నాడు.

కార్యకర్త: బంగారు తల్లివి. చుట్టూ ముళ్లకంప వేయమను మీ నాన్నను. జాడ చెరిపేయొద్దు. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే హేచరీకి, అంటే పిల్లలయ్యేదాకా గుడ్లను కాపాడే చోటికి, మా వాళ్లు మార్చాలి, ఎండ ముదిరితే కష్టం. గుర్తుగా ఏమన్నా పెట్టారా?

శ్రోత: నాన్న తలపాగా తీసి కర్రకు కట్టి పెట్టాడు. ఎర్ర కండువా.

కార్యకర్త: అమ్మా, నేను ఇక బయలుదేరతాను. ఈ పాపను ఫోన్ పెట్టేయొద్దని చెప్పండి, మా వాళ్లకు దారి చెప్పాలి.

వ్యాఖ్యాత: లైన్లోనే ఉండు తల్లీ, పెట్టేయకు.