నది తరఫున ఎవరు నిలబడాలి?

సమన్వయకర్త: మనిషి అవసరంతో పనిలేకుండా ప్రకృతికి తనదంటూ ఒక విలువ ఉందని అంతర్జాతీయ చట్టం ఎక్కడైనా ఒప్పుకుందా, మేడమ్?

న్యాయశాస్త్ర అధ్యాపకురాలు: ఒప్పుకుందండి, కానీ కాగితం మీదే. 1982లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ చేసిన ప్రకృతి తీర్మానం, మనిషికి పనికొచ్చినా రాకపోయినా ప్రతి జీవినీ గౌరవించాలంది. 111 దేశాలు సరేనన్నాయి, కాదన్నది అమెరికా ఒక్కటే. అయినా అది ఎవరినీ కట్టడి చేయని తీర్మానం. 1992లో పర్యావరణం, అభివృద్ధిపై దేశాలు చేసిన రియో ప్రకటన మొదటి సూత్రంలోనే మనిషిని మధ్యలో కూర్చోబెట్టింది. అదే ఏటి జీవవైవిధ్య ఒప్పందంలో ‘స్వతఃసిద్ధ విలువ’ అన్న మాట ఉంది, అదీ పీఠికలో. పీఠికను పట్టుకుని దావా నడపలేం.

తత్వశాస్త్ర అధ్యాపకుడు: అసలు చిక్కు అక్కడే. ఉపయోగపడుతోంది కాబట్టి అడవిని కాపాడాలంటే, ఉపయోగం తీరిన రోజున కొట్టేయొచ్చన్నమాటేగా.

సమన్వయకర్త: తీర్పుల్లో ఆ తేడా తెలుస్తుందా?

న్యాయ: మధ్య అమెరికాలోని ఇరుగుపొరుగు దేశాలు కోస్టారికా, నికరాగువాల కేసు చూడండి. కోస్టారికా చిత్తడి నేలలో నికరాగువా కాలువలు తవ్వి, దాదాపు 300 చెట్లు నరికింది. పర్యావరణ నష్టానికి పరిహారం ఇవ్వాల్సిందేనని అంతర్జాతీయ న్యాయస్థానం 2018లో తేల్చింది. ఆ కోర్టు అలాంటి పరిహారం కట్టించడం అదే మొదలు. కోస్టారికా పర్యావరణ పద్దు కింద అడిగింది 28 లక్షల డాలర్ల పైచిలుకు. వచ్చింది, ప్రకృతి ‘సేవలు’ పోయినందుకు 1,20,000, పునరుద్ధరణకు 2,708 డాలర్లు. లెక్కలోకి వచ్చినవి కలప, ఇతర ముడిసరుకు, గాలి నాణ్యత, జీవుల ఆవాసం. నేల ఏర్పడటం, విపత్తుల తాకిడి తగ్గించడం పోయాయన్నదానికి రుజువు లేదని కోర్టు వాటిని పక్కనపెట్టింది.

తత్వ: సేవ అన్నాక, చేయించుకునే యజమాని ఉండాలిగా. ఆ మాటతోనే మనిషి తిరిగి మధ్యలోకి వచ్చేశాడు.

సమన్వయకర్త: నదినే, తనకంటూ హక్కులున్న చట్టపరమైన వ్యక్తిగా గుర్తిస్తే?

న్యాయ: గుర్తించి వదిలేస్తే కుదరదు. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను వ్యక్తులుగా ప్రకటించి, అధికారులనే సంరక్షకులను చేసింది. వరదొచ్చి నష్టం జరిగితే బాధ్యులెవరని రాష్ట్రమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. జులైలో స్టే వచ్చింది. అదే ఏడాది న్యూజిలాండ్ వాంగనూయి నదికి చట్టం చేసింది. నది తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరిని అక్కడి మూలవాసులైన మావోరీ తెగలు, ఒకరిని ప్రభుత్వం సూచిస్తాయి. 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి కూడా పెట్టారు. మనిషి, అధికారం, డబ్బు మూడూ ఉంటేనే హక్కు నడుస్తుంది.

సమన్వయకర్త: దేశాల మధ్య అది సాధ్యమా?

న్యాయ: అంతర్జాతీయ న్యాయస్థానం నిబంధన 34 ప్రకారం కక్షిదారులు దేశాలే. నది అక్కడ కక్షిదారుగా నిలబడే వీల్లేదు. అయితే 2025 జులైలో ఇచ్చిన సలహా అభిప్రాయంలో, వాతావరణాన్ని కాపాడే బాధ్యత ప్రతి దేశమూ మిగతా అన్ని దేశాలకూ బాకీ ఉన్నదేనని కోర్టు చెప్పింది. కాబట్టి నష్టపోని దేశం కూడా, తనకంటూ పరిహారం అడగలేకపోయినా, ఆ పని ఆపమని నిలదీయొచ్చు. ప్రస్తుతానికి తెరుచుకున్న తలుపు ఇదే.